కరారునకు కట్టుబాటు

ఎండకును గాలికిని వెల లేదు. పెట్టుబడి మాత్ర మంతయు మొదటనే పెట్టవలెను. ఆ ఋణము తీరుటకు పాతికేండ్ల కరారే యాధారము. పంపిణీ సంస్థలు ఇట్టి విద్యుత్తును కొంతవఱకు కొనితీరునట్లు నియంత్రణ మండలులు విధింపవలెనని 2003 సంవత్సరపు విద్యుత్ చట్టము 86వ సెక్షను చెప్పుచున్నది. చట్టము మంచిదే. అయినను 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాత కరారుల ధరలను తిరుగదోడెను. విచారణ తేలువఱకు గాలివిద్యుత్తునకు యూనిటుకు రూ. 2.43, సౌరవిద్యుత్తునకు రూ. 2.44 చొప్పున చెల్లింపుడని హైకోర్టు ఏకన్యాయమూర్తి యనెను. 2022 మార్చిలో ధర్మాసనము దానిని కొట్టివైచి, కరారు ధరయే యీయవలెనని తీర్పు చెప్పెను.

పాతధర హెచ్చను వాదమును మేము కాదనము; ఆ భారము మన బిల్లులమీదనే పడును. కాని సంతకముచేసినవారే వెనుదీసినచో ఋణదాత వడ్డీ పెంచును. అదియు మన బిల్లుననే చేరును గదా! 2017లో గాలివిద్యుత్తునకు జరిగిన తొలి జాతీయ వేలముపాటలో ధర రూ. 3.46కు దిగెను. బేర మాడవలసిన చోటది.