పాఠ్యప్రణాళిక ఏ బిడ్డ కోసం?

(మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాల తల్లిదండ్రులను, కార్యకర్తలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



భాషా బోధన అనగానే మన దృష్టి పాఠ్యపుస్తకం మీదికి పోతుంది. కాని పుస్తకానికి ముందు పాఠ్యప్రణాళిక ఉన్నది. ఏమి నేర్పాలి, ఏ వరుసలో నేర్పాలి, దేనిని పరీక్షించాలి అని నిర్ణయించేది అదే. దానిని రాసినవారి మనసులో ఏ బిడ్డ మెదిలాడన్నదే అసలు ప్రశ్న.

2018లో వచ్చిన చట్టం తెలంగాణలోని పాఠశాలలన్నింటిలో పదవ తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేసింది. దానిని మేము వ్యతిరేకించడం లేదు. భూమి కాగితం నుంచి పోటీ పరీక్ష దాకా తెలుగు లేనిదే మన బిడ్డలకు దారి లేదు. మనలో తెలుగే ఇంటి భాషగా గల కుటుంబాలు ఎన్నో ఉన్నవి.

అయితే ఇంట ఉర్దూ మాట్లాడే బిడ్డకు ఎ-ఏ, ఒ-ఓ, ల-ళ భేదాలు వినికిడిలోనే కొత్త. సంధులు, సమాసాలు, ప్రాచీన పద్యాలు అంతకన్నా దూరం. తెలుగు ఇంట పెరిగిన బిడ్డకై కూర్చిన ప్రణాళికతోనే ఇతనికీ మార్కులు వేస్తే, ఆ పరీక్ష కొలిచేది అతని శ్రమను కాదు, అతని ఇంటిని.

ఈ న్యాయాన్ని ప్రభుత్వమే అంగీకరించింది. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ వంటి బోర్డుల బడుల్లో 9, 10 తరగతులకు 'సింగిడి' స్థానంలో 'వెన్నెల' అనే సరళ వాచకాన్ని 2025లో అనుమతించింది. సర్కారు బడిలో తెలుగును ప్రథమ భాషగా చదివే ఉర్దూ ఇంటి బిడ్డకు అదే న్యాయం ఎందుకు వర్తించరాదు? సోపానక్రమం తొమ్మిదవ తరగతిలో కాదు, ఒకటవ తరగతిలోనే మొదలు కావాలి. దవాఖానా, దర్వాజా, దుకాణం, కాగితం వంటి ఉమ్మడి మాటలతో ఆరంభిస్తే తొలి మెట్టు సులభమవుతుంది. వ్యాకరణాన్ని ముందుంచక, బిడ్డ చేయగల పనుల చుట్టూ ఆంగ్ల పాఠాలు అల్లవచ్చునని ఎన్.ఎస్. ప్రభు 1979-84 మధ్య బెంగళూరు ప్రాజెక్టులో చేసి చూపారు. తెలుగుకు అది ఎందుకు పనికిరాదు?

రెండవ మాట ఉర్దూ గురించి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషా బోధన వసతి కల్పించమంటున్నది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధన అంటున్నది. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. కాని టైంటేబుల్‌లో పీరియడు, బడిలో పంతులు లేకుంటే ఎంత మంచి ప్రణాళికైనా కాగితమే.

కనుక ఈ ఏడు పాఠశాల కమిటీ సమావేశానికి తప్పక వెళ్దాం. మూడు ప్రశ్నలు అడుగుదాం: మా బిడ్డకు తెలుగు ప్రథమ భాషా, ద్వితీయ భాషా? ఉర్దూకు వారానికి ఎన్ని పీరియడ్లు? ఉర్దూ ఉపాధ్యాయ పోస్టు ఉన్నదా, భర్తీ అయినదా? జవాబులు రాతపూర్వకంగా తీసుకుందాం. ఇవ్వకుంటే సమాచార హక్కు చట్టం ఉన్నది. న్యాయశాస్త్రం బోధించే నల్సార్ విశ్వవిద్యాలయం మన షామీర్‌పేటలోనే ఉన్నది. సలహా అడగడానికి వెనుదీయవద్దు.

తెలుగు మన హక్కు, ఉర్దూ మన హక్కు. ఒకదాని కోసం మరొకదానిని వదులుకొమ్మనే ప్రణాళికను మేము అంగీకరించము.