బాలచరుల గుడారవాసము – అందలి చిక్కులు

(మహాసభ యువజనగోష్ఠియందు చేయబడిన యుపన్యాసము)



మన సంఘమువారి విద్యార్థివసతిగృహమున బాలచరదళము నొకదానిని నెలకొల్పవలయుననియు, అందులకై పది గుడారములు కొనవలయుననియు కార్యవర్గమువారు తలపెట్టి, ఆ విషయమున మాకు తెలిసినది చెప్పుడని మమ్ము గోరినారు. మేము పెక్కేండ్లుగా పిల్లలను వెంటబెట్టుకొని తోపులలోను, చెఱువుల దాపునను, కొండల దరిని రాత్రులు గడపినవారము. కావున స్కౌటింగు మహిమను గూర్చి స్తోత్రములు చదువక, పిల్లలను గుడారములో నుంచిన వెనుక వచ్చు చిక్కులనే మీ ముందుంచెదము. ధనమిచ్చువారు మీరు; బిడ్డల నిచ్చువారును మీరే. తెలిసియే యీయవలయునని మా కోరిక.

1907వ సంవత్సరము ఆగష్టు మాసమున, ఇంగ్లండు దక్షిణతీరమందలి బ్రౌన్సీ ద్వీపమున, బేడెన్ పవెల్ ఇంచుమించు ఇరువదిమంది బాలురతో గుడారములు వేసి వారము దినములు గడపుటతో నీ యుద్యమమునకు బీజము పడినది. ఆ బాలురలో సంపన్నుల పాఠశాలలలో చదువువారును, కాయకష్టము చేయువారి బిడ్డలును గలరు. వారిని వేర్వేఱుగా నుంచక దళములుగా కలిపియే యుంచిరి. ఈ మాట మరల చెప్పవలసి వచ్చును. మన దేశమున తొలినాళ్లలో భారతీయబాలురకు ప్రవేశము లేకపోగా, 1916లో మదరాసున అనీబిసెంటమ్మగారు వారికై ప్రత్యేకసంఘమును స్థాపించిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1950 నవంబరు 7వ తేదీన విడివిడిగానున్న స్కౌటు సంఘములు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినవి. చరిత్ర నింతతో విడుతుము.

గుడారమునకు శత్రువు గాలివాన యని జనులు తలంతురు. మా యనుభవమున శత్రువు మొదటినాటి సాయంకాలము. బస్సు ఆలస్యముగా చేరును. పిల్లలు ఆకలిగొని యుందురు. ప్రొద్దు క్రుంకుచుండును. చదునుగా, మెత్తగా, పచ్చగా కనబడిన చోటనే గుడారము లెత్తుదమని యందఱును తొందరపడుదురు. చదునుగా పచ్చగా నుండు పల్లము తఱచుగా నీరు నిలుచు చోటే. అర్ధరాత్రమున వాన కురిసినచో ఆ తొందరకు ఫలము పిల్లల పక్కలు తడియుటయే. కావున దళనాయకులు వారము ముందే పోయి స్థలము చూచి, వాననీరు ఎటు పాఱునో ఆ యూరి రైతు నడిగి తెలిసికొని, ఏ గుడారమెచ్చట వేయవలయునో గుఱుతులు పెట్టి రావలయును. మొదటిరాత్రి భోజనము ఇంటినుండియే రావలయును. పులిహోర పొట్లములు చాలును. ఆనాడు పొయ్యి రాజేయ నక్కఱ లేదు. ఇది చిన్నమాటగా దోచవచ్చును. కాని యిందువలన వెలుతురుండగా రెండుగంటల కాలము మిగులును. ఆ రెండుగంటలే తక్కిన దినముల సుఖమును నిర్ణయించును.

నేలను బట్టి మేకులు నిలుచును. నల్లరేగడ యెండినప్పుడు ఱాయివలె నుండి మేకును వంచును. తడిసినప్పుడు పట్టు విడిచి మేకును వదలివేయును. ఇసుకలో మేకు నిలువనే నిలువదు. గోనెసంచిలో ఇసుక నింపి, దానికి త్రాడు కట్టి, లోతుగా పాతవలయును. గరపనేలలో బండఱాళ్లకు త్రాళ్లు చుట్టుట మేలు. ఎండుకొమ్మలున్న చెట్టుక్రింద గుడారము వేయరాదు. కొబ్బరితోట నీడ ఎంత హాయిగా నున్నను కాయలున్న చెట్లక్రింద పిల్లలను పరుండబెట్టరాదు. విద్యుత్తీగల సంగతి మరియు ముఖ్యము. 2005 జూలైలో అమెరికాలోని వర్జీనియాలో జరిగిన జాతీయ స్కౌటుమేళనమున, పెద్దడేరా యొకటి ఎత్తుచుండగా దాని లోహపుస్తంభము పైనున్న తీగకు తగిలి నలుగురు నాయకులు మరణించిరి. వారు అనుభవము లేనివారు కారు. తలయెత్తి చూచుట యొక్కటే అచ్చట కొఱవడినది.

ఇక ఋతువు. పాఠశాలలకు సెలవులున్నప్పుడే శిబిరము పెట్టుట సులభము. కాని వేసవిసెలవులలో రెంటచింతల, రామగుండము వంటిచోట్ల యెండ యెట్టిదో మీరెఱుగుదురు. ఉదయము పదిగంటలకే గుడారము లోపల కుంపటివలె నగును. దసరా సెలవుల వెనుక కోస్తాలో తుఫానుల కాలము. సంక్రాంతి దినములు మేలైనవి. కాని అరకు, లంబసింగి ప్రాంతములకు పోయినచో అప్పుడు చలి బాధించును. ఆ చలి పైనుండి వచ్చుటకంటె నేలనుండి వచ్చుట యధికమని తల్లులు తెలిసికొనరు. రెండు రగ్గులు కప్పుకొనుమని పంపుదురు. క్రింద బరకము పఱచి, దానిపై మందముగా వరిగడ్డి వేసి, ఒక రగ్గును దానిమీద పఱచి, రెండవది కప్పుకొన్న పిల్లవాడు సుఖముగా నిద్రించును. చలి యని గుడారములోనికి బొగ్గులకుంపటి తెచ్చుట ప్రాణాపాయము. మూసిన డేరాలో దాని విషవాయువునకు వాసనయైనను ఉండదు.

ఋతువును, స్థలమును లెక్కచేయనిచో ఎంత ధనమున్నను నిష్ప్రయోజన మగుననుటకు 2023 ఆగష్టులో దక్షిణ కొరియాలో జరిగిన ప్రపంచ స్కౌటు జాంబోరీయే సాక్ష్యము. సముద్రమును పూడ్చి యేర్పఱచిన సేమాంగుం మైదానమున, నీడనిచ్చు చెట్టు లేనిచోట, సుమారు 43,000 మంది పిల్లలును పెద్దలును గుడారములలో దిగిరి. ఎండదెబ్బకు వందలకొలది జనులు అస్వస్థులైరి. మరుగుదొడ్ల పరిశుభ్రతను గూర్చియు మొఱలు వినబడినవి. బ్రిటిషు దళమువారు, అమెరికావారు ముందుగా వెడలిపోయిరి. తుఫాను వచ్చుచున్నదని 8వ తేదీన తక్కినవారి నందఱిని లేవదీసికొనిపోయిరి. ఒక ప్రభుత్వమే నిలిచి చేసిన యేర్పాటునకు నట్టి గతి పట్టగా, మన ముప్పదిమంది పిల్లల శిబిరము అంతకంటె సురక్షితముగా జరుగుటకు వీలున్నది. ఏలయన మనము చిన్నవారము, ముందుగా పోయి నేల చూడగలము.

గుడ్డ సంగతి కొంత విస్తరించి చెప్పెదము, కొనబోవువారు మీరు గనుక. నూలు కాన్వాసు గుడారము బరువైనది. కాని గాలియాడును, ఏండ్లతరబడి మన్నును. వానలో దానిని లోపలినుండి వ్రేలితో తాకరాదు. తాకినచోటనే నీరు కాఱ నారంభించును. పిల్లలకు తాకవలదన్నచో తాకవలయునని పుట్టును! దాని నూలుత్రాళ్లు తడిసినప్పుడు బిగిసికొని మేకులను పెఱుకును. కావున రాత్రి పరుండుటకు ముందు కొంచెము వదులు చేయవలయును. నైలాను, పాలిస్టరు గుడారములు తేలికవి, చవుకవి. కాని అందు పిల్లల యూపిరియే లోపలి గుడ్డపై నీటిబిందువులై జాఱును, కప్పు కాఱుచున్నదని వారు భ్రమపడుదురు. గాలిసందులు మూసికొనకున్న నిది తగ్గును. ఏ గుడారమైనను తడిగా మడిచి మూలబెట్టినచో కొలదిదినములకే బూజు పట్టును. బూజు పట్టిన కాన్వాసు చూచుటకు బాగుగనే యుండి, మరుసటి యేడు గాలికి చిరిగిపోవును. శిబిరము ముగిసి యింటికి వచ్చిననాడే యందఱును అలసియుందురు. ఆ మఱునాడు గుడారముల నారవేయువాడే నిజమైన స్కౌటుమాస్టరని మేము తలంతుము.

నీటి విషయము క్లుప్తముగా చెప్పెదము. త్రాగుటకు, వంటకు, కడుగుకొనుటకు తలకు దినమునకు 15 లీటర్లకు తగ్గరాదు. ముప్పదిరెండుమంది పిల్లలకు 480 లీటర్లు. త్రాగునీరు కాచినదిగా నుండవలయును, లేదా క్లోరిను బిళ్లలు వేసినదిగా నుండవలయును. మరుగుగుంటలు నీటిపట్టునకు 60 మీటర్లయినను దూరమున నుండవలయును. ప్రతిపర్యాయము మన్ను కప్పవలయును. చీకటిలో అంతదూరము పోవుటకు భయపడి చిన్నపిల్లలు బిగబట్టుకొందురు, లేదా నీరు త్రాగుట మానుదురు. త్రోవ పొడుగున దీపములుంచి, ఇద్దఱిద్దఱుగా పంపుటయే దీనికి మందు. బాలికల శిబిరమైనచో మఱుగు, తలుపు, నీరు, ఋతుకాలమునకు వలసిన సామగ్రి ముందుగానే సిద్ధపఱుపనిది శిబిరము పెట్టనేరాదు.

పాములను గూర్చి తల్లిదండ్రులు తప్పక అడుగుదురు. అడుగుట న్యాయమే. నేలపై పరుండినవారిని రాత్రివేళ కఱచునది ముఖ్యముగా కట్లపాము. దాని కాటు నొప్పి లేకుండుట చేత నిద్రలోనున్నవానికి తెలియకనే పోవును. తెల్లవాఱుజామున కడుపునొప్పి యని లేచి, కనుఱెప్పలు వాలుచున్నచో అనుమానింపవలయును. దోమతెర నాలుగుప్రక్కల పఱుపుక్రిందికి దోపుకొనుట వలన దోమలనుండియే కాక దీనినుండియు చాలవఱకు రక్షణ గలదు. తినుబండారములు గుడారములో నుంచరాదు. వానికై ఎలుకలు, ఎలుకలకై పాములు వచ్చును. బూట్లు దులిపి తొడుగుకొనవలయును. కాటు పడినచో కట్టు బిగించుట, గాటు పెట్టుట, నోటితో పీల్చుట, మంత్రమునకై పోవుట ఇవన్నియు కాలహరణములును, హానికరములును. కాటు పడిన యవయవమును విఱిగినదానివలె కదలకుండ కట్టి, విషవిరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చవలయును. ఆ మందు ఏ యాసుపత్రిలో నున్నదో శిబిరమునకు ముందే విచారించి వ్రాసికొనవలయును. 108 వాహనమును పిలుచుటకు సెల్‌ఫోను ఆ చోట పలుకునో లేదో కూడ ఆనాడే పరీక్షింపవలయును.

ఉఱుము వినబడినచో గుడారము ఇల్లు గాదని గ్రహింపవలయును. పిడుగునుండి గుడ్డ రక్షింపజాలదు. చెట్టు మఱింత ప్రమాదము. దగ్గఱలోని పక్కాభవనమునకో, మూసిన బస్సులోనికో పిల్లలను చేర్చి, కడపటి యుఱుము వినబడిన తర్వాత అరగంట గడచిన పిమ్మటనే వెలికి తీయవలయును.

పైని చెప్పినవన్నియు సామగ్రికి, జాగ్రత్తకు లొంగునవి. లొంగని చిక్కు మఱొకటి కలదు. పదునొకండేండ్ల పిల్లవాడు, ఎన్నడును తల్లిని విడిచి పరుండనివాడు, మొదటిరాత్రి కడుపునొప్పి యని యేడ్చును. మరొకడు పక్క తడుపును; తోటివారు నవ్వుదురని తెల్లవాఱువఱకు తడిలోనే పడియుండును. ఇట్టి విషయము తల్లి ముందుగా నాయకునితో రహస్యముగా చెప్పినచో, వానిని నడిరాత్రి మెల్లగా లేపి పంపి, వాని మానము కాపాడవచ్చును. ఉబ్బసము, మూర్ఛ మున్నగునవి కూడ దాచక చెప్పవలయును. మావాడు అనారోగ్యవంతుడన్నచో తీసికొనిపోరేమో యని దాచు తల్లిదండ్రులను మేము చూచితిమి. వారి భయము మాకు తెలియును. కాని దాచినందువలన ఆపద తగ్గదు. అట్లే మీరును మమ్ము నడుగవలసిన దొకటి యున్నది: పెద్దలు పిల్లల గుడారములలో పరుండరాదు, ఏ పెద్దవాడును ఒంటరిగా నొక పిల్లవానితో మఱుగున నుండరాదు, శిబిరమున నెల్లవేళల నిద్దఱు నాయకులకు తగ్గరాదు. ఈ నియమమును పాటింపని దళమునకు మీ బిడ్డను పంపకుడు, అది మా దళమైనను సరే.

వంటవానిని, పనివానిని వెంట పంపెదమని కొందఱు పోషకులు ప్రేమతో చెప్పుచున్నారు. వలదని మనవి. అన్నము మాడినను ముద్దయైనను పిల్లలే వండుకొనవలయును. ఆ గిన్నెలు వారే తోముకొనవలయును. మాడిన గిన్నె తోమినవాడు మఱునాడు మంట తగ్గించుట తనంతట నేర్చుకొనును. మిగిలిన యన్నమును రాత్రి యుంచి యుదయము పెట్టుట మాత్రము కూడదు.

దళమున మన కులబాలురు మాత్రమే యుండవలయునా యను చర్చ కార్యవర్గమున జరిగినదని వింటిమి. ద్రవ్యము మనది కనుక అట్టి యభిప్రాయము కలుగుట సహజమే. కాని స్కౌటు నియమము ప్రకారము స్కౌటు అందఱికి మిత్రుడు, ప్రతి స్కౌటునకు సోదరుడు. బ్రౌన్సీ ద్వీపమున మొదటిరాత్రి నుండియు నా నియమము ఆచరణలో నున్నది. ఎనమండ్రు పరుండు గుడారమున ద్వారము దగ్గఱ చలిగాలికి ఎవడు పరుండవలయునన్న ప్రశ్న ప్రతిరాత్రి పుట్టును. వంతులవారీగా నందఱును పరుండవలయును. ఆ యెనమండ్రును ఒక్క కులమువారైనచో పిల్లలు నేర్చునది బంధుమర్యాద. వసతిగృహమునకు ప్రక్కనున్న పాఠశాలలోని యితర బాలురును కలిసినప్పుడు నేర్చునది వేఱు. మన ద్రవ్యముతో కొన్న గుడారమున సగము చోటు ఇతరుల బిడ్డల కిచ్చుటకు మహాసభ సమ్మతింపనిచో, దళమును స్థాపింపక యా ధనమును పుస్తకముల కిచ్చుట మేలని మా నిశ్చితాభిప్రాయము. ఈ మాట కటువుగా నున్నచో క్షమింతురుగాక.

కడపట ధనము. పది గుడారములకు దాతలు ముందుకు వచ్చినారు. ప్రతిదానిమీద దాతపేరు వ్రాయించుటకు కూడ నిశ్చయమైనది. గుడారము దానము చేయుట కనులపండువైన పని. దాని నుంచుటకు పొడిగది దానము చేయువారిని మేమింతవఱకు చూడలేదు. ముప్పదిరెండుమంది బాలురకు నాలుగు గుడారములు, నాయకుల కొకటి, వెరసి యైదు చాలును. మిగిలిన యైదింటి ద్రవ్యముతో వసతిగృహము వెనుకనున్న కొట్టుగదికి కప్పు వేయించి, ఎలుకలు చొరని యలమారులు చేయించి, నీటిపీపాలు, దోమతెరలు, ప్రథమచికిత్సపేటిక కొని, ఇద్దఱు యువకులను నాయకశిక్షణకు పంపవలయునని ప్రతిపాదించుచున్నాము. పేరు వ్రాయించుకొనగోరు దాతల పేర్లు ఆ గదితలుపు మీద వ్రాయింతము.

ఈ తీర్మానము రేపటి యుదయపు సభలో చర్చకు వచ్చును. ఈ సాయంకాలము నాలుగుగంటలకు పందిరి వెనుకనున్న ఖాళీస్థలమున వసతిగృహపు పిల్లలు పాతగుడారము నొకదానిని ఎత్తి చూపుదురు. తల్లులు కూడ దయచేసి వచ్చి, లోపలికి ప్రవేశించి, క్రింద పఱచిన గడ్డిమీద కొంతసేపు కూర్చుండి చూడ ప్రార్థన.