తల్లులు కట్టిన బడి



పిల్లల చదువు కోసం తల్లి ఏం చెయ్యదు చెప్పండి! ఫీజు కట్టవలసిన రోజు దగ్గర పడిందంటే పోపులపెట్టెలో దాచుకున్న నోట్లు బయటికి వస్తాయి. పండక్కి కొనుక్కుందామనుకున్న చీర వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. ఇదంతా మన ఇళ్ళల్లో మనకు తెలిసిందే. అయితే ఫీజు కట్టడం ఒక ఎత్తు. అసలు పిల్లలు కూర్చోవడానికి బడే లేకపోతే? పన్నులు కట్టిన తరువాత కూడా ఆ బడి కోసం ఊరివాళ్ళే మళ్ళీ చందాలు వేసుకోవలసి వస్తే? అలా పుట్టిన బడుల కథ ఇవాళ మీకు చెబుతాను. ఇది అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని నల్లజాతి వారి కథ. వాళ్ళు ఆ బడులను ఎలా కట్టుకున్నారన్నది సగం కథ అయితే, మూతపడిన ఆ బడులను మళ్ళీ ఎలా నిలుపుకుంటున్నారన్నది మిగతా సగం.

అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. బానిసగా ఉన్న రోజుల్లో నల్లవారికి చదువు నేర్పడం చాలా రాష్ట్రాల్లో నేరం. అందుకే స్వేచ్ఛ రాగానే వాళ్ళు మొదట కోరుకున్న వాటిలో చదువు ఒకటి. కాని దక్షిణ రాష్ట్రాలు తెల్లపిల్లలకు ఒక బడి, నల్లపిల్లలకు ఒక బడి అని చట్టాలు చేశాయి. విడివిడిగా ఉన్నా సమానంగా ఉంటే చాలునని 1896లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఒప్పుకున్నది. విడిగా ఉంచడం మాత్రం తు.చ. తప్పకుండా జరిగింది గాని, సమానం అన్నమాట కాగితం మీదే ఉండిపోయింది. నల్లవారు కట్టిన పన్నులు కూడా ఎక్కువభాగం తెల్లపిల్లల బడులకే పోయేవి. వీళ్ళ పిల్లలు చర్చిలోనో, కన్నాలు పడిన చెక్క గుడిసెలోనో పాఠాలు చదువుకునేవాళ్ళు. అదీ పత్తి ఏరే పని లేని నెలల్లో!

అలబామా రాష్ట్రంలో టస్కీగీ అనే ఊరుంది. బానిసగా పుట్టి, కష్టపడి చదువుకున్న బుకర్ టి. వాషింగ్టన్ అక్కడ 1881లో ఒక విద్యాలయం ప్రారంభించారు. షికాగోలో సియర్స్ రోబక్ అనే పెద్ద వ్యాపార సంస్థకు అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్. జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టినవాడు. 1912లో తన యాభయ్యవ పుట్టినరోజుకు ఆయన టస్కీగీకి 25,000 డాలర్ల విరాళం ఇచ్చాడు. అందులో కొంత మిగిలితే, ఆ సొమ్ముతో పల్లెల్లో నల్లపిల్లలకు చిన్న బడులు కట్టి చూద్దామని వాషింగ్టన్ అడిగారు. సరేనన్నాడు రోజెన్‌వాల్డ్. మొదట ఆరు బడులు కట్టారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన డబ్బంతా పోసి బడి కట్టించి తాళంచెవి చేతిలో పెట్టలేదు. ఊరివాళ్ళు తమ వాటా వేసుకోవాలి, ప్రభుత్వం తన వాటా ఇవ్వాలి, అప్పుడే ఆయన వాటా. కట్టిన బడి ప్రభుత్వ బడిగా నడవాలి. 1913లో లోచపోక అనే ఊళ్ళో లేచిన మొట్టమొదటి బడికి సుమారు 942 డాలర్లు అయింది. అందులో రోజెన్‌వాల్డ్ ఇచ్చింది 300. తక్కినది ఊళ్ళోని నల్లవారూ, తెల్లవారూ వేసుకున్నారు. నల్లవారు డబ్బు చాలక ఒంటి కష్టం కూడా వాటాగా పెట్టారు.

పన్ను ఒకసారి కట్టి, అదే బడి కోసం మళ్ళీ చందా వెయ్యడమంటే ఒకే వస్తువుకు రెండుసార్లు ధర చెల్లించడమే కదా! అది అన్యాయమని వాళ్ళకు తెలుసు. అయినా పిల్లల వయసు ఆగదు గదా అని చెల్లించారు.

ఆ చందాలు ఎలా పోగయ్యాయో వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. వాళ్ళలో చాలామంది పాలికి దున్నుకునే రైతులు. చేతిలో రొక్కం ఆడేది కాదు. అందుకని ఆడవాళ్ళు కోళ్ళను పెంచి అమ్మారు. భోజనం వండి, అట్టపెట్టెల్లో అందంగా సర్ది, చర్చి ముంగిట వేలం వేశారు. చేపలు వేయించి అమ్మారు. పాత గుడ్డముక్కలన్నీ కలిపి బొంతలు కుట్టి అమ్మారు. కొన్ని ఊళ్ళలో ఒక పత్తిచెక్కను బడి కోసమని విడిగా పెట్టి, అందరూ కలిసి దున్ని, ఏరి, ఆ డబ్బు బడికి ఇచ్చారు. అలబామాలో ఒక సభలో, బానిసత్వం కళ్ళారా చూసిన ముసలాయన ఒకడు లేచి, జిడ్డు పట్టిన పాత సంచీ తీసి బల్ల మీద బోర్లించాడట. అందులో ఉన్నవి 38 డాలర్లు. అది ఆయన జీవితమంతా కూడబెట్టుకున్న సొమ్ము.

ఈ పనిలో ఊరూరా తిరిగిన ఉపాధ్యాయినుల సంగతీ చెప్పుకోవాలి. వారిని జీన్స్ టీచర్లు అనేవారు. అన్నా జీన్స్ అనే దాత ఇచ్చిన నిధితో వారికి జీతాలు వచ్చేవి గనుక ఆ పేరు. వర్జీనియా రాష్ట్రంలో వర్జీనియా రాండాల్ఫ్ అనే ఆవిడ 1908లో ఆ పనిలో మొదటగా చేరింది. ఈ టీచర్లు పాఠాలు చెప్పేవారికి సాయం చెయ్యడమే గాక, తల్లులను కూడగట్టి, చందాలు పోగు చేయించి, బడి గోడకు సున్నం కూడా వేయించేవారు.

అలా 1932 నాటికి 15 రాష్ట్రాల్లో 4,977 బడులు లేచాయి. మొత్తం ఖర్చు సుమారు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో ఎక్కువభాగం ప్రభుత్వానిది. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది 44 లక్షల దాకా. నల్లవారు వేసుకున్న చందాలు 47 లక్షల దాకా! కోటీశ్వరుడు ఇచ్చినదానికంటె పత్తి ఏరుకునేవాళ్ళు ఇచ్చింది ఎక్కువన్నమాట. ఈ బడుల్లో ఆరు లక్షలకు పైగా పిల్లలు చదువుకున్నారు. ప్రసిద్ధ రచయిత్రి మాయా ఏంజెలో, పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ అలాంటి బడుల్లోనే చదివారు.

బడి కట్టడంలోనూ ఎంతో ఆలోచన ఉంది. పల్లెల్లో అప్పటికి కరెంటు లేదు. అందుకని గదికి ఒక పక్కన పెద్దపెద్ద కిటికీలు వరసగా పెట్టేవారు. పిల్లవాడు పుస్తకం తెరిస్తే ఎడమచేతి వైపు నుంచి వెలుతురు పడాలి, రాసే చేతి నీడ కాగితం మీద పడకూడదు. రెండు గదుల మధ్య గోడను పక్కకు జరిపేస్తే అదే ఊరందరికీ సభాస్థలం. పగలు పిల్లల బడి, సాయంత్రం పెద్దల సమావేశాలు. అందువల్లే అది ఆ ఊరికి ఒట్టి బడిగా గాక, గుండెకాయలా ఉండేది.

1954లో సుప్రీంకోర్టు తన పాత మాట మార్చుకుంది. జాతిని బట్టి పిల్లలను వేరు చెయ్యడం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఇది గొప్ప విజయం. దీనికోసం నల్లవారు ఎన్నో ఏళ్ళు పోరాడారు. కాని ఆ విజయానికీ ఒక వెల ఉంది. తెల్లపిల్లల బడుల్లోకి నల్లపిల్లలు వెళ్ళవలసి వచ్చింది గాని, నల్లవారి బడుల్లోకి తెల్లపిల్లలు రాలేదు. అందుచేత ఒకదాని వెంట ఒకటి మూతపడ్డవి నల్లవారి బడులే. వేలకొద్దీ నల్లజాతి ఉపాధ్యాయులకు ఉద్యోగాలు పోయాయి. బొంతలు అమ్మి కట్టిన ఆ బడులు కొన్ని గడ్డి దాచుకునే కొట్టాలయ్యాయి, కొన్ని కూలిపోయాయి, కొన్నింటిని తుప్పలు మింగేశాయి. ఇవాళ నిలిచి ఉన్నవి సుమారు 500. అంటే పదింట ఒకటి.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. వేరుచేసి అవమానించిన రోజుల గుర్తు అది, పోతే పోయిందిలే, దాన్ని నిలబెట్టుకోవడం దేనికి అని. ఈ మాట అక్కడా కొందరు అన్నారు. సహజమే. చేదు అనుభవాన్ని ఎవరు మాత్రం గోడకు వేలాడదీసుకుంటారు? కాని కొంచెం నిదానించి చూడండి. పిల్లలను వేరు చేసింది చట్టం. బడి కట్టింది తల్లిదండ్రులు. ఆ కట్టడాన్ని పడగొడితే చట్టం చేసిన అన్యాయానికీ సాక్ష్యం పోతుంది, తల్లిదండ్రులు చేసిన త్యాగానికీ సాక్ష్యం పోతుంది. రేపు ఎవరైనా వచ్చి “వాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదండీ, అందుకే వెనకబడ్డారు” అంటే, కాదని చూపించడానికి ఆ కిటికీలు ఉండాలి కదా! అందుకే ఆ బడిని నిలుపుకోవడం పాత రోజులను పొగడడం కాదు. అబద్ధానికి చోటు లేకుండా చేయడం.

జార్జియా రాష్ట్రంలో కాస్‌విల్ అనే ఊళ్ళో నోబుల్ హిల్ అనే బడి ఉంది. 1923లో కట్టారు. 1955లో మూసేశారు. చాలా ఏళ్ళు అలాగే పాడుపడి ఉంది. సూసీ వీమ్స్ వీలర్ అనే విద్యావేత్తకు దాన్ని బాగు చేయించి, నల్లజాతి వారి చరిత్ర చూపించే మ్యూజియంగా మలచాలన్న ఆలోచన వచ్చింది. స్థలం కలవారితో మాట్లాడింది. 1985 నుంచి ధర్మకర్తలు కూడి, అయిదేళ్ళలో సుమారు రెండు లక్షల డాలర్లు సమకూర్చారు. 1989లో దాని తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ మ్యూజియానికి వీలర్ కుటుంబం పేరు కూడా కలిపారు.

టెక్సాస్‌లో వెస్ట్ కొలంబియా అనే ఊరి బడి కథ ఇంకా చిత్రం. అది గడ్డి నిలవచేసే కొట్టంగా మిగిలిపోయింది. దాన్ని గుర్తుపట్టి, ఊళ్ళోని మ్యూజియం ఆవరణకు తరలించి, బాగు చేసి, 2009లో జనం చూడడానికి తెరిచారు. వర్జీనియాలో స్క్రాబుల్ అనే ఊరి బడినైతే వృద్ధులు పగటిపూట వచ్చి కూర్చునే కేంద్రంగా మార్చారు. చూశారా, ఎంత ముందుచూపో! బాగు చేసి తాళం వేస్తే ఏ కట్టడమైనా మళ్ళీ పాడవుతుంది. మనుషులు మసిలితేనే ఇల్లు ఇల్లుగా ఉంటుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అన్నిచోట్లా కథ ఇంత సుఖంగా లేదు. వర్జీనియాలోనే 1917లో కట్టిన పైన్ గ్రోవ్ బడి పక్కన పెద్ద చెత్తడిపో పెట్టాలని ప్రయత్నం వచ్చింది. అక్కడ చదివిన వాళ్ళూ, వాళ్ళ పిల్లలూ ఒక్కటై నిలబడ్డారు. 2021లో దేశంలో ప్రమాదంలో పడిన చారిత్రక స్థలాల జాబితాలో ఆ బడి పేరు చేరింది. అంతకుముందు 2002లోనే ఇలాంటి బడులన్నీ కలిపి అదే జాబితాకు ఎక్కాయి. చారిత్రక కట్టడాలను కాపాడే జాతీయ సంస్థ అప్పటినుంచీ ఊళ్ళవాళ్ళకు సలహాలూ, సాయమూ అందిస్తూ వచ్చింది. 2012లో టస్కీగీలోనే పెద్ద సమావేశం జరిగింది. ఈ బడుల జ్ఞాపకంగా జాతీయ ఉద్యానవనం ఏర్పాటు చేయవచ్చునేమో పరిశీలించమని 2021 జనవరిలో చట్టం కూడా వచ్చింది.

ఇన్ని ఏళ్ళ తరువాత ఈ బడుల వివరాలు ఎలా దొరుకుతున్నాయంటారా? కట్టేటప్పుడే ప్రతి బడికీ ఒక కార్డు రాసి, చాలా వాటికి ఫోటో కూడా తీసి పెట్టారు. అవన్నీ నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఎవరెంత చందా ఇచ్చారో, నల్లవారు ఎంత, తెల్లవారు ఎంత, ప్రభుత్వం ఎంత అని లెక్క కూడా అందులో ఉంది. మనుమరాలు ఆ కార్డు తిరగేస్తే తమ ఊరి చందా అంకెల్లో కనబడుతుంది. అయితే ఆ కార్డులో లేనిది ఒకటి ఉంది. ఆ డబ్బు కోసం ఏ అమ్మ ఎన్ని కోళ్ళు అమ్మింది, బడిలో పొయ్యికి కట్టెలు ఎవరు మోశారు, తెల్లపిల్లలు వాడి పారేసిన పుస్తకాలు చేతికొస్తే పిల్లలకు ఏమనిపించింది, ఇవన్నీ కార్డులో ఉండవు. ఆ బడిలో చదివిన వాళ్ళ నోట్లో ఉన్నాయి. వాళ్ళంతా ఇప్పుడు పెద్దవయసు వాళ్ళు. అందుకే అక్కడ గోడలు బాగు చేసేవాళ్ళు, ముందు ఆ ముసలమ్మల దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు రికార్డు చేస్తున్నారు. కట్టడం ఇంకో ఏడాది ఆగుతుందేమో గాని, మనిషి ఆగకపోవచ్చు.

ఇవాళ మీతో పంచుకోదలచింది ఇదే. బడి అంటే ప్రభుత్వం ఇచ్చేది, మనం పిల్లల్ని పంపేది అని అనుకుంటాం. ఆ తల్లులు బడిని తమదిగా చూశారు. తమది గనుకనే లేనప్పుడు కట్టారు, పాడైనప్పుడు మళ్ళీ నిలిపారు. రెండుసార్లూ వాళ్ళ దగ్గర ఎక్కువ డబ్బు లేదు. ఉన్నది పదిమంది చేతులు కలపడం, చిన్న మొత్తాన్ని చులకనగా చూడకపోవడం, లెక్క రాసి పెట్టుకోవడం. ఈ మూడూ మన ఇల్లాళ్ళకు కొత్త విద్యలేమీ కావు. రోజూ చేసేవే. ఆ జిడ్డు సంచీలోంచి పడిన 38 డాలర్లు ఎప్పుడో ఖర్చయిపోయాయి గాని, వాటిని ఎవరు ఎందుకు ఇచ్చారో ఇన్నేళ్ళ తరువాత మనం చెప్పుకోగలుగుతున్నాం. ఎవరో ఒకరు దాన్ని రాసి పెట్టబట్టి!