నీరెండలో చెట్టు కొమ్మ: ఫొటోలో రంగు ఎక్కడ పోతుంది?

పొద్దున, సాయంత్రం ఏటవాలుగా పడే లేత ఎండకు తెలుగులో నీరెండ అని చక్కని పేరుంది. ఆ నీరెండలో చెట్టు కొమ్మలను ఫొటో తీయడం, తీసినదాన్ని కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో సరిదిద్దడం ఈనాటి విషయం. ఉదాహరణకు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను తీసుకుందాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఇది రైళ్ళ ఊరు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

ఈ ఊళ్ళో ఒక వెసులుబాటు ఉంది. మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి బిలాస్‌పూర్ చాలా దగ్గర. అందువల్ల ఇక్కడ గడియారానికీ సూర్యుడికీ మధ్య తేడా సగటున ఒకటి రెండు నిమిషాలే. డిసెంబరు చివర సాయంత్రం 5.20 ప్రాంతంలో, జూన్ చివర 6.45 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. అంతకు ముందు ముప్పావు గంట సేపు సూర్యుడు దిగంతానికి పది డిగ్రీల లోపే ఉంటాడు. మనకు కావలసిన వెలుగు ఆ కాస్సేపే.

గాలి అణువులు నీలి కాంతిని ఎక్కువగా, ఎర్ర కాంతిని తక్కువగా వెదజల్లుతాయి. దీని లెక్కను రేలీ 1871లో ఇచ్చారు. 450 నానోమీటర్ల నీలం, 700 నానోమీటర్ల ఎరుపుకంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. నడినెత్తి సూర్యుడితో పోలిస్తే, పది డిగ్రీల ఎత్తున ఉన్న సూర్యుడి కిరణం సుమారు ఐదున్నర రెట్ల గాలిని దాటి రావాలి. దారిలో నీలం జారిపోతుంది, పసుపూ ఎరుపూ మిగులుతాయి. బొగ్గు రవాణా ఎక్కువగా ఉండే ప్రాంతం కదా, దుమ్ము వల్లే సంజె ఎర్రబడుతుందని కొందరంటారు. అది సగమే నిజం. బాగా సన్నని పొగ కణాలు ఎరుపును పెంచగలవు. ముతక దుమ్ము మాత్రం అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొట్టి వెలుగును పాలిపోయేలా చేస్తుంది. వానలు తగ్గాక, గాలి కడిగినట్టుండే సాయంత్రాలే మేలు.

మరి చెదిరిన నీలం ఏమైంది? ఆకాశమంతా పరచుకుని, అక్కణ్ణుంచి నీడల్లోకి దిగుతుంది. ఒక తెల్ల కాగితాన్ని సగం ఎండలో, సగం కొమ్మ నీడలో ఉంచి ఫొటో తీయండి. ఎండ పడిన సగం పసుపుగా, నీడ సగం నీలంగా వస్తుంది. మన కన్ను అలవాటుపడి రెంటినీ తెలుపే అంటుంది. కొమ్మ మీదా జరిగేది ఇదే. సూర్యుడి వైపు బెరడు బంగారు రంగు, అవతలి వైపు నీలి నీడ. వెచ్చదనం మన కంటికి తోచేది ఆ రెండూ పక్కపక్కన ఉండడం వల్లనే.

కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ ఈ పసుపును దోషంగా భావించి చాలావరకు తీసేస్తుంది. దాన్ని ‘డేలైట్’ గుర్తు మీద, అంటే సుమారు 5500 కెల్విన్ దగ్గర పెట్టండి. సూర్యుణ్ణి మీ పక్కన ఉంచుకోండి. ఎదురుగా ఉంటే కొమ్మ నల్లని గీత, వెనక ఉంటే చదునైన కర్ర. ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి నేరుగా సూర్యుణ్ణి చూడకండి. పట్టాల మీదికి అసలు వెళ్ళకండి. కాలనీ రోడ్డు పక్క చెట్టు చాలు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలి పూసే మోదుగను తీసేటప్పుడు మరో చిక్కు. నీరెండలో ఆ పూల ఎరుపు మిగతా రంగులకంటే ముందే గరిష్ఠ స్థాయికి చేరి, రేకుల గీతలు మాయమై ఎర్రని ముద్ద మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. వీలైతే ‘రా’ ఫైలుగా దాచండి. సాధారణ జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. 12 బిట్ల రా ఫైలులో 4096. కోల్పోయిన మెట్లను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వలేదు.

ఇక ఎడిటింగ్. చాలామంది చేసేది టెంపరేచర్ మీటను పసుపు వైపు బరబరా లాగడం. ఎండతోపాటు నీడా పసుపెక్కుతుంది. అది నీరెండ కాదు, పసుపు నీళ్ళలో ముంచిన ఫొటో! మీటను మెల్లగా జరుపుతూ నీడల్నే గమనించండి. వాటిలో నీలం పోయే ముందే ఆగండి. షార్ప్‌నెస్ పెంచితే ఆకాశం ఎదుట సన్న రెమ్మల చుట్టూ తెల్లని అంచు పుట్టుకొస్తుంది. నూరు శాతం పరిమాణంలో చూసి తగ్గించుకోవాలి.

ఇది అందం గొడవ మాత్రమే అనుకోకండి. ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాల్చింది, ఎప్పుడు చిగిర్చింది అని ఏటేటా ఫొటోలతో నమోదు చేస్తే, వాతావరణ మార్పులను గమనించడానికి అది విలువైన ఆధారం. ఇప్పచెట్టు కొత్త చిగురు రాగి రంగులో ఉంటుంది. రంగు పెంచిన ఫొటోలో రాలబోయే పండుటాకూ అదే రంగుకు దగ్గరవుతుంది. చూసేవారికి చెట్టు ఆకు రాలుస్తోందో, చిగురిస్తోందో తెలియదు. పాఠశాలల్లో ఇలాంటి నమోదు చేయించే ఉపాధ్యాయులు మూలచిత్రాన్ని చెరపకుండా విడిగా దాయించాలి. తేదీ, వేళ, చెట్టు పేరు దానికి జతచేయించాలి. సాయంత్రం తీసిన కొమ్మనే పగలు పది గంటలకు మరొకసారి తీయించి రెండూ పక్కపక్కన పెట్టించండి. చిగురు ఏదో, నీరెండ ఏదో పిల్లలే విడదీసి చెబుతారు.