ఈ వారము బడిలో ఏమి నేర్చిరి?

సాయంకాలము బడి విడిచి ఇల్లు చేరిన బిడ్డను తల్లి అడుగు మొదటి ప్రశ్న, "ఇవాళ బళ్ళో ఏం చెప్పారు నాన్నా?" అనునది. బిడ్డ సంచిని ఒక మూల పడవైచి, "ఏమీ చెప్పలేదమ్మా" అని ఆటకు పరుగెత్తును. ఆ మాట అబద్ధమని కోపగించుకొన పనిలేదు. ఏడెనిమిదేండ్ల బిడ్డ నేర్చినది వాని లోపల ఉండును. కాని దానిని పోగుచేసి, ఇది నేర్చితినని వేరొకరికి చెప్పు శక్తి ఆ వయసున ఇంకను కుదురుకొనదు.

ఇందువలన చిత్రమైన స్థితి యొకటి ఏర్పడుచున్నది. ఇల్లాలికి తన ఇంటి లెక్కలన్నియు తెలియును. ఈ వారము పాలవాడు ఎన్ని పూటలు పాలు పోసెనో గోడమీది క్యాలెండరు గుర్తులు చెప్పును. కిరాణా కొట్టులో ఎంత బాకీ యున్నదో చిట్టా పుస్తకము చెప్పును. తన బిడ్డ ఈ వారమంతయు బడిలో కూర్చుండి ఏమి సంపాదించుకొని వచ్చెనో మాత్రము చెప్పువారు లేరు. కొన్ని నెలలకొకసారి వచ్చు మార్కుల పట్టికను చూచి సంతోషించుటయో, నిట్టూర్చుటయో తప్ప ఆమెకు వేరు దారి లేదు. ఈ లోటును తీర్చుకొను ఉపాయమును గూర్చి నేడు మనము కొంత ఆలోచింతము.

ఒకప్పుడు బడియే ఇంటికి నడచి వచ్చెడిది. తెలుగునకు 1816లో ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసిన ఎ. డి. క్యాంప్‌బెల్ దొర తరువాత బళ్ళారి జిల్లా కలెక్టరుగా ఉండెను. ఆ జిల్లాలోని బడులను గూర్చి ఆయన 1823లో మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. అప్పుడు ఆ జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండిరి. బడులలో ఎక్కువభాగము తెలుగు, కన్నడ బడులే. బిడ్డకు అయిదవ ఏడు రాగానే ఉపాధ్యాయుడును, బడిపిల్లలును ఆ బిడ్డ ఇంటికి వచ్చి, వినాయకుని ప్రతిమ చుట్టును కూర్చుండి, బియ్యములో వాని వ్రేలు పట్టి అక్షరములు దిద్దించెడివారని ఆయన వర్ణించెను. మన ఇండ్లలో అక్షరాభ్యాసము నేటికిని ఇట్లే జరుగుచున్నది. దసరా దినములలో పిల్లలు రంగు కాగితములు చుట్టిన విల్లంబులు చేతబూని, పంతులుగారి వెంట ఇంటింటికి పోయి పద్యములు చదువుటయు, పిల్లలకు పప్పుబెల్లములు, పంతులుగారికి కట్నము ముట్టుటయు మన పెద్దలకు జ్ఞాపకమున్న విషయమే. బిడ్డ నోట పద్యము విని తల్లిదండ్రులు మురిసెడివారు; బడిలో ఏమో జరుగుచున్నదని ధైర్యపడెడివారు.

అయితే అదే నివేదికలో క్యాంప్‌బెల్ మరియొక మాట కూడ వ్రాసెను. పిల్లలు చదువు పద్యములు వాడుక భాషకు దూరమైన భాషలో ఉండుటచే, వారు వానిని చిలుకలవలె వల్లించుచున్నారే గాని అర్థము గ్రహించుట లేదని ఆయన ఆక్షేపణ. ఇది మనము గుర్తుంచుకొనదగిన మాట. ఇంటికి వినవచ్చినది పద్యము. వినరానిది దాని అర్థము బిడ్డకు తెలిసినదా లేదా యనునది. నేటి వార్షికోత్సవములలోను, పోటీ బహుమతులలోను, మార్కుల పట్టికలలోను జరుగుచున్నది చాలవరకు ఇదియే. ప్రదర్శన వేరు, సమాచారము వేరు. తల్లిదండ్రులకు కావలసినది రెండవది.

ఇది ఉపాధ్యాయుని దయాదాక్షిణ్యములకు వదలిన విషయము కాదు. 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టములోని 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులను పేర్కొనుచు, తల్లిదండ్రులతో క్రమముగా సమావేశమై, బిడ్డ హాజరును, నేర్చుకొను శక్తిని, నేర్పులో కలిగిన అభివృద్ధిని వారికి తెలుపవలెనని విధించుచున్నది. అదే చట్టము పాఠశాలా యాజమాన్య సంఘములో మూడు వంతుల మంది తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని ఉండవలెననియు, సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెననియు చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలన్నిటిలోను ఒకే దినమున తల్లిదండ్రుల సమావేశములు జరిపించెను. 2025 జూలై 10న మరల జరిపించెను. ఇట్టి మహాసభలు మంచివే. కాని సంవత్సరమునకు ఒకటి రెండు పర్యాయములు జరుగు సభ పండుగ వంటిది. పండుగనాటి పిండివంటలతో ఏడాది పొడుగున ఆకలి తీరదు గదా!

అయినచో ఎన్ని దినములకొకసారి తెలుపవలెను? వారమునకొకసారి యని మేము చెప్పుదుము. దినదినమును చెప్పబోయినచో చెప్పువారికిని, వినువారికిని విసుగు. నెలకొకసారి అన్నచో ఆలస్యము. మన ఊళ్ళలో సంత వారమునకొకసారి. చాలచోట్ల కూలి లెక్కలు తీరుట వారమునకొకసారి. వారమనునది మన జీవితమునకు అలవాటైన కొలత. అంతకు మించిన కారణము మరియొకటి కలదు. ఒక వారములో పడిన లోపమును మరు వారములో దిద్దవచ్చును. మూడు నెలల లోపము దిద్దుటకు వేరుగా బడి పెట్టవలసి వచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందము. మూడవ తరగతిలో ఈ వారము పదులనుండి అప్పు తెచ్చు తీసివేతలు చెప్పిరి. 52లో నుండి 27 తీసివేయవలెను. మిగులునది 25. కాని కొందరు పిల్లలు 35 అందురు. ఈ 35 రెండు త్రోవలలో రావచ్చును. ఒక బిడ్డ రెండులో ఏడు పోదు గనుక తలక్రిందు చేసి ఏడులో నుండి రెండు తీసివేసెను. వేరొక బిడ్డ పది అప్పు తెచ్చి పండ్రెండులో ఏడు తీసివేసెను గాని, అప్పిచ్చిన అయిదు నాలుగైనదని మరచెను. జవాబు ఒకటే, జబ్బులు రెండు. "ఎట్లా చేశావు, చెప్పు" అని అడిగిన గాని ఏ జబ్బో తెలియదు. నలుబది మంది కల తరగతిలో ప్రతి బిడ్డను ఇట్లు అడుగుటకు ఉపాధ్యాయునికి తీరిక చిక్కదు. ఇంటిలో అడుగుటకు తల్లికి అయిదు నిమిషములు చాలును. అయిదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి నాణెములు బిడ్డ చేతిలో పెట్టి ఇరువదియేడు రూపాయలు ఇమ్మన్నచో, ఒక పదినోటు చిల్లర మార్చక తప్పదు. చిల్లర మార్చుట తెలియని తల్లి యుండునా? అక్షరము రాని తల్లియు ఈ లెక్కలో బిడ్డకు గురువు కాగలదు. కాని ఈ వారము బడిలో చెప్పుచున్నది అప్పు తీసివేత అని ఆమెకు తెలియవలెను. తెలియని దానికి ఎవరు మాత్రము సాయపడగలరు?

కావున వారమువారము పంపు కబురులో నాలుగు సంగతులు చాలును. ఈ వారము ఏమి చెప్పితిమి; బిడ్డకు వచ్చినదో లేదో ఇంటిలో తెలిసికొనుటకు ఒక చిన్న ప్రశ్న; వచ్చు వారము ఏమి చెప్పబోవుచున్నాము; ఇంటినుండి ఏమి కావలెను. ఇంతకు మించి వ్రాసినచో చదువరు. అధికారుల నివేదికలలోని పెద్ద మాటలు ఇందులో రాగూడదు. "సామర్థ్యము సాధించబడినది" అన్నచో తల్లికి ఏమి తెలియును? ఇట్లు వ్రాసిన చాలును: "ఈ వారం అప్పు తెచ్చుకుని తీసివేయడం నేర్చుకున్నాం. 52 రూపాయల్లో 27 పోతే ఎంతో అడగండి. 35 అంటే కోప్పడకండి. ఎలా చేశాడో చెప్పించి, సోమవారం మాకు చెప్పండి. వచ్చే వారం కొలతలు. ఒక ఖాళీ లీటరు సీసా పంపండి." ఇందులో పాండిత్యము లేదు; పని కలదు.

ఒకటి రెండు తరగతులలో చదువు విషయము ఇట్టిదే. గుణింతమును వరుసగా గడగడ చెప్పు బిడ్డ, వరుస తప్పించి నడుమ ఒక అక్షరము చూపినచో తడబడును. వాడు చదువుట లేదు, పాడుచున్నాడు. ఈ వారము నేర్చిన ఒత్తులు ఏవో తెలిసినచో, పప్పు పొట్లము మీదను, బస్సు పలక మీదను వానిని వెదకుమని ఇంటివారు చెప్పగలరు. కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో ఆరంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమము, మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు అర్థము చేసికొని చదువుటయు, వ్రాయుటయు, మొదటి లెక్కలును నేర్వవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఆ మూడేండ్లు జారిపోయినచో, నాలుగవ తరగతి పుస్తకము బిడ్డకు మూసిన తలుపే యగును.

"చదువురాని తల్లిదండ్రులకు చీటీ పంపి ఏమి ప్రయోజనము?" అని కొందరు అడుగుదురు. 2011 జనాభా లెక్కలనాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు పైబడిన స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 60 మందికి లోపే. కావున ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. దీనికి మార్గములు లేకపోలేదు. ఉపాధ్యాయుడు తన గొంతుతో నిమిషము సేపు మాటాడి ఫోనులో పంపవచ్చును. అయితే చాల ఇండ్లలో ఫోను తండ్రి జేబులో ఉండును. తండ్రి పనిమీద పొరుగూరిలో ఉండును. వాట్సాప్‌లో పెట్టితిమి గనుక అందరికిని చేరినదనుకొనుట పొరపాటు. బడి వాకిట ఒక నల్లబల్ల పెట్టి సుద్దతో నాలుగు పంక్తులు వ్రాసిన, దారిన పోవువారు చదివి చదువరాని వారికి చెప్పుదురు. తండాలలోను, గూడెములలోను ఇంటి భాష లంబాడీయో, కోయయో, సవరయో అయి యుండును. అట్టిచోట పెద్ద తరగతి పిల్లలచే ఆ భాషలోనే చెప్పించిన కబురు, తెలుగున వ్రాసిన పది చీటీలకంటె మేలు చేయును.

అన్నిటికంటె మంచి దూత బిడ్డయే. వారాంతమున చివరి గంటలో ఉపాధ్యాయుడు, "ఈ వారం మనం ఏం నేర్చుకున్నాం?" అని తరగతిని అడిగి, పిల్లలు చెప్పిన మాటలనే బల్లమీద వ్రాసి, వారిచేతనే పుస్తకములలో వ్రాయించినచో, ఆ వారపు పాఠము మరల ఒకసారి నెమరువేసినట్లగును, ఇంటికి కబురు సిద్ధమగును, పిల్లలకు ఏది గుర్తున్నదో, ఏది లేదో ఉపాధ్యాయునికే తెలిసివచ్చును. ఒక్కరే అయిదు తరగతులు చూచుకొను ఏకోపాధ్యాయ పాఠశాలలలో ఇది అదనపు భారమని భయపడ నక్కరలేదు. తరగతికి రెండేసి వాక్యములు చాలును. ఇరువది నిమిషముల పని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. నలుగురికి పంపు కబురు తరగతిని గూర్చినది కావలెను. ఒక బిడ్డను గూర్చినది కారాదు. ఫలానావానికి తీసివేత రాలేదని పదిమంది చదువు చోట వ్రాసినచో, ఆ బిడ్డకు అవమానము, ఆ తల్లికి తలవంపు. ఆ సాయంకాలము ఆ ఇంట దెబ్బలు కూడ పడవచ్చును. ఒకరి విషయము ఆ ఇంటివారికే, మెల్లగా, ముఖాముఖిగా చెప్పవలెను. లోపము చెప్పునపుడు దానిని తీర్చు ఉపాయము కూడ చెప్పవలెను. "మీవాడికి బుర్ర లేదండీ" అన్న మాట సమాచారము కాదు, శాపము.

తల్లిదండ్రులకును కొంత బాధ్యత కలదు. కబురు అందగానే బెత్తము పట్టి కూర్చుండుట వారి పని కాదు. పాఠము చెప్పుట బడి వంతు. విని, అడిగి, గమనించుట ఇంటి వంతు. "ఎన్ని మార్కులు?" అను ప్రశ్నకు మారుగా "ఎట్లా చేశావు? నాకూ చూపించు" అని అడిగిన, బిడ్డ ఆ పూటకు గురువై కూర్చుండును. చెప్పుచున్నపుడు తన తప్పు తానే కనిపెట్టును. ప్రక్కింటి బిడ్డతో పోల్చుట మాత్రము వద్దు. ఇంటినుండి కూడ బడికి కబురు పోవలెను. మిరపకోతలకు కుటుంబము మూడు వారములు వలసపోవుచున్నదనియు, తాతగారు కాలముచేసినందున బిడ్డ దిగులుగా ఉన్నదనియు, కంటికి బల్లమీది అక్షరములు ఆనుట లేదనియు ఇంటివారు చెప్పనిదే ఉపాధ్యాయునికి ఎట్లు తెలియును? వలసపోవు బిడ్డకు ఆ మూడు వారములలో బడిలో ఏమి జరిగినదో వ్రాసి యుంచినచో, తిరిగి వచ్చిననాడు ఎక్కడనుండి అందుకొనవలెనో తెలియును. లేనిచో ఆ బిడ్డ వెనుక బల్లపై మౌనముగా కూర్చుండి, కొన్నాళ్ళకు బడికి రాకయే పోవును. చదువు మానిన బిడ్డలు ఒక్క దినమున మానరు. ఒక్కొక్క వారము జారి జారి మానుదురు.

చదువుకొన్న ఇంటి బిడ్డకు వారపు కబురు లేకున్నను కొంతవరకు సాగును. పుస్తకము తిరుగవేసి చూచు తల్లియో, అడుగు అన్నయో ఉండును. ఆ ఇంట మొట్టమొదటిసారిగా పలక పట్టిన బిడ్డకు అట్టి అండ లేదు. ఆ నాలుగు పంక్తులు చేరవలసినది ముఖ్యముగా ఆ గడపకే. శ్రోతలలో ఉపాధ్యాయులైనవారు ఈ వారాంతముననే రెండు వాక్యములతో ఆరంభింపవచ్చును. తల్లిదండ్రులైనవారు అవి వచ్చువరకు కాచుకొనక, తామే బడికి పోయి, "ఈ వారం ఏం చెప్పారండీ మాస్టారూ? ఇంట్లో మేమేం అడగాలి?" అని మర్యాదగా అడుగవచ్చును. అడిగిన తల్లికి బదులు చెప్పని ఉపాధ్యాయుడు అరుదు. అడుగుటకు చట్టము హక్కునిచ్చినది. కావలసినది అడుగు అలవాటు.