ఇంటర్నెట్టు పేర్ల పట్టిక – ఒక నమూనా



గోదావరీ ప్రాణహితలు కలియు కాళేశ్వరమున, ఒకే పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాళేశ్వరుడు, రెండవది ముక్తీశ్వరుడు. పేర్లు రెండు, చోటు ఒక్కటి. నేడు మనము ముచ్చటించుకొనబోవు ఇంటర్నెట్టు పేర్ల వ్యవస్థయందును ఇట్టిది సాధారణమే. అచ్చట రెండు పేర్లు ఒకే అంకెల చిరునామాను చూపవచ్చును.

2025 మే 15 నుండి 26 వరకు కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు జరిగినవి. వచ్చిన యాత్రికులలో చేతిఫోనున వసతినో, బస్సు వేళలనో వెదకినవారు ఉండకపోరు. వారు వ్రాసినది పేరు. యంత్రమునకు కావలసినది అంకె. పేరునకు అంకెను చెప్పునదే డి.ఎన్.ఎస్. దీనిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించెను. అంతకు పూర్వము అర్పానెట్టు కంప్యూటర్ల పేర్లన్నియు ఒక్క పట్టికలో నుండెడివి. కంప్యూటర్లు పెరిగినకొలది ఆ పట్టిక మోయరాని బరువైనది.

డి.ఎన్.ఎస్.లో పేరు తుదినుండి చదువబడును. ఒక తెలంగాణ ప్రభుత్వ కార్యాలయపు పుట కావలెననుకొనుడు. మొదట అడుగవలసినది మూలస్థానమును. 'ఇన్' ఎవరి అధీనమో అది చెప్పును, అంతకుమించి చెప్పదు. 'ఇన్' వారు 'గవ్' వారిని, 'గవ్' వారు 'తెలంగాణ' వారిని చూపుదురు. ఇంత నడకయు రెప్పపాటులో ముగియును. నడిమి యంత్రములు ఆ సమాధానమును కొంతకాలము జ్ఞాపకముంచుకొనును.

2021 అక్టోబరు 4 రాత్రి మన ఇండ్లలో వాట్సాప్ మూగపోయిన సంగతి శ్రోతలు మరువలేదనుకొందుము. ఫేస్‌బుక్ సంస్థ నిర్వహణపనిలో జరిగిన పొరపాటువలన, ఆ సంస్థ పేర్లకు బదులు చెప్పు యంత్రములకు లోకమునుండి దారి లేకపోయెను. సుమారు ఆరు గంటలు పట్టినది. ఇది పొరపాటు. పన్నాగమైనచో మరింత ప్రమాదము. నడిమి యంత్రముల జ్ఞాపకములో తప్పుడు చిరునామాను చొప్పింపవచ్చునని 2008లో డాన్ కమిన్‌స్కీ వెల్లడించెను. అట్లు జరిగినచో యాత్రికుడు సరియైన పేరే వ్రాయును. సొమ్ము మాత్రము వంచకుని గుమ్మము చేరును.

ఈ జబ్బులను పరిశీలించుటకు, నడుచుచున్న వ్యవస్థపై ప్రయోగము చేయరాదు గదా. కావున ఒక్క కంప్యూటరులోనే పెక్కు కంప్యూటర్లున్నట్లు అమర్చి, వానిలో నిజమైన సాఫ్ట్‌వేరునే నడుపుదురు. దీనినే ఎమ్యులేషన్ అందురు.

చిక్కంతయు పేర్ల వ్యవస్థను కట్టుటలో నున్నది. మూలస్థానము, దాని క్రింది శాఖలు, వాని యంత్రములు, తల్లి పట్టికలో పిల్ల చిరునామా – ఒక్క అంకె తప్పిన గొలుసు తెగును. ప్రతి ప్రయోగమునకును దీనిని మొదటినుండి కట్టుట విద్యార్థికి దండుగ పని. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయమున ఆచార్య వెన్‌లియాంగ్ డు బృందము తయారుచేసిన సీడ్ ఎమ్యులేటరున దీనికొక ఉపాయము కలదు. అది మాకు మిక్కిలి నచ్చినది.

సురభివారి నాటకమును తలచుకొనుడు. నాటకప్రతిలో కృష్ణుడు, రుక్మిణి అని పాత్రలుండును గాని నటుల పేర్లుండవు. వేషము ఎవరికన్నది పిదప నిర్ణయింతురు. అట్లే ఇచ్చట 'మొదటి మూలయంత్రము', 'ఇన్ యంత్రము' అని పాత్రలను మాత్రమే వ్రాసి, ఎవరి క్రింద ఎవరో నిర్ణయించి, ఆ కట్టడమునంతను ఒక ఫైలుగా భద్రపరతురు. అందు అంకెల చిరునామాలుండవు. దానిని ఏ నమూనా జాలములోనికైనను తెచ్చి, ఏ పాత్ర ఏ యంత్రమునకో చెప్పినచో చాలును; తల్లి పట్టికలలోని చిరునామాలను ఆ సాధనమే పూరించుకొనును.

నమూనాకు హద్దు లేకపోలేదు. పుష్కరమునాటి రద్దీ ఒక్క కంప్యూటరులో పట్టదు. మూలస్థానములకు లోకమంతట వేయికి మించి ప్రతిరూపములున్నవి, వాని నన్నింటిని ఇచ్చట నిలుపలేము. తెగిన గొలుసు ఎచ్చట తెగినదో కనుగొనుటకు, తప్పుడు చిరునామా నడిమి యంత్రమున ఎంతసేపు నిలుచునో లెక్కించుటకు మాత్రము ఇది చాలును. వరంగల్లు విద్యార్థి ఒకడు తన నమూనాలో మూలయంత్రమును ఆర్పి, జ్ఞాపకమున్న పేర్లు ఇంకను పలుకుటయు, క్రొత్త పేర్లు పలుకకుండుటయు చూడవచ్చును. ఆ సమయమున కాళేశ్వరపు సత్రములో గది వెదకుచున్న యాత్రికుని ఫోనునకు ఏమియు కాదు.