మన పేర్లు మనమే రాసుకోవాలె

(కామారెడ్డి, ఎల్లారెడ్డిలలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మహనీయుల గురించి మాట్లాడమంటే మన సభల్లో ఒక రివాజు ఉంది. ఫోటోకు దండ వేస్తాం, పుట్టిన తేదీ చదువుతాం, జోహార్లు చెప్తాం, ఇంటికి పోతాం. మేము ఆ పని కోసం రాలేదు. ఒక ప్రశ్న పట్టుకొని వచ్చాం. గొప్పవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? రక్తంలో నుంచి వస్తారా? లేక బడిలో నుంచి, గ్రంథాలయంలో నుంచి, కొట్లాటలో నుంచి వస్తారా?

ముందు కొంచెం దూరం పోయి వద్దాం. బ్రిటన్ ఉత్తర కొసన స్కాట్లాండ్ ఉంది. జనాభా 55 లక్షలకు అటూ ఇటూ. 2011 లెక్కల ప్రకారం మన తెలంగాణ మూడున్నర కోట్లు. అంటే వాళ్ళు మనలో ఆరో వంతు కూడా లేరు. కానీ వాళ్ళ పేర్లు చూడండి. ఆవిరి యంత్రాన్ని ఫ్యాక్టరీకి పనికొచ్చేటట్టు చేసిన జేమ్స్ వాట్ వాళ్ళవాడు. 1776లో అర్థశాస్త్రానికి పునాది గ్రంథం ఇచ్చిన ఆడమ్ స్మిత్ వాళ్ళవాడు. టెలిఫోన్ గ్రాహం బెల్ ఎడిన్‌బరోలో పుట్టాడు. 1926లో టెలివిజన్ బొమ్మ చూపించిన బెయిర్డ్, 1928లో పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ కూడా అక్కడివారే. రాబర్ట్ బర్న్స్ అనే రైతుబిడ్డ తన పల్లె మాటలోనే కవిత్వం రాసి ఆ జాతికే కవి అయ్యాడు. మన యాసను సినిమాల్లో విలన్లకు, హాస్యగాళ్ళకు పెట్టి నవ్వుకున్న రోజులు గుర్తున్నవాళ్ళకు ఆ సంగతి విలువ తెలుస్తుంది. బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలని జీవితమంతా వాదించిన మన కాళోజీ అడిగింది కూడా అదే. ఆయన పుట్టిన సెప్టెంబరు 9 ఇవాళ తెలంగాణ భాషా దినోత్సవం.

ఇంత చిన్న దేశంలో ఇంతమంది ఎట్లా వచ్చారు? వాళ్ళ చలిగాలిలో మహత్తు ఏమీ లేదు. 1696లోనే ఊరూరా బడి పెట్టాలె, పంతులుకు జీతం ఇవ్వాలె అని అక్కడ చట్టం చేశారు. ఇంగ్లాండుకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండే విశ్వవిద్యాలయాలు ఉన్న కాలంలో స్కాట్లాండుకు నాలుగు పట్టణాల్లో విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. 1707లో ఇంగ్లాండుతో విలీనమై తమ పార్లమెంటును పోగొట్టుకున్నారు కానీ తమ బడిని, తమ న్యాయవ్యవస్థను పోగొట్టుకోలేదు. అందుకే తాము ఎవరన్న సోయి చావలేదు. 1997లో ఓటు వేసి, 1999లో తమ పార్లమెంటును తిరిగి తెచ్చుకున్నారు. మన రాష్ట్రం వచ్చిన 2014లోనే వాళ్ళు వేరే దేశం కావాలా అని ఓటు వేసుకొని, వద్దనుకున్నారు. వాళ్ళ దారి వాళ్ళది. మనం తీసుకోవలసింది బడి సంగతి.

ఇంకొక సంగతి కూడా ఉంది. తెలుగు ఊళ్ళ కైఫీయత్తులు సేకరింపజేసిన కల్నల్ మెకంజీ స్కాట్లాండు దీవిలో పుట్టినవాడు. ఆయన పేరు చరిత్ర చదివినవాళ్ళందరికీ తెలుసు. ఊరూరు తిరిగి, కరణాలను అడిగి, శాసనాలు చదివి ఆ పని నడిపించిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఎడిన్‌బరో వైద్యుడు సింప్సన్ 1847లో క్లోరోఫామ్‌ను మత్తుమందుగా వాడాడు. ఆ మందు ప్రమాదకరమా కాదా అని ప్రపంచమంతా తర్కించుకుంటున్నప్పుడు 1880ల చివరలో పరీక్షలు జరిగింది మన హైదరాబాదులో. ఆ పరీక్షల్లో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్జీ మత్తువైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరు. తర్వాత ఎడిన్‌బరోకు పోయి చదివి వచ్చారు. మన పాఠ్యపుస్తకాల్లో సింప్సన్ ఉంటాడు, రూపాబాయి ఉండదు. పని చేయడం ఒక ఎత్తు, పేరు రాయించుకోవడం ఒక ఎత్తు. మనం మొదటిదాంట్లో ఎన్నడూ వెనుకబడలేదు. రెండోదాంట్లో వెనుకబడ్డాం.

ఈ మాట మొదట గట్టిగా పట్టుకున్నది సురవరం ప్రతాపరెడ్డి. ఇవాళ్టి గద్వాల జిల్లా ఇటిక్యాలపాడు మనిషి. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశాడు. పూజ్యమంటే సున్నా. సురవరం తిట్టలేదు, కోర్టుకు పోలేదు. కవులారా, మీ పద్యాలు పంపండి అని పత్రికలో పిలుపు ఇచ్చాడు. ఊళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. సున్నాకు జవాబు 354! మన ఉద్యమానికి అది తొలి లెక్కల పుస్తకం. నీళ్ళు, నిధులు, నియామకాల లెక్కలు అడగడం మనం తర్వాత నేర్చుకున్నాం. పేర్ల లెక్క అడగడం ఆయన ముందే నేర్పాడు. ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అప్పటికి ఆయన లేడు.

ఆ 354 మంది గాలిలో నుంచి ఊడిపడలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం పుట్టాయి. తెలుగు బడి దొరకని రాజ్యంలో గ్రంథాలయమే బడి అయింది. భాగ్యరెడ్డివర్మ దళిత పిల్లల కోసం బడులు పెట్టాడు. మాడపాటి హనుమంతరావు 1928లో ఆడపిల్లల బడి నిలబెట్టాడు. వట్టికోట ఆళ్వారుస్వామి వంటపని, హోటల్ పని చేసుకుంటూ చదువుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊళ్ళు తిరిగాడు. ‘ప్రజల మనిషి’ నవల రాసింది ఆయనే. ఆ ఆళ్వారుస్వామి, కవి దాశరథి ఇద్దరూ 1948లో మన పక్కనున్న నిజామాబాద్ జైలులో ఖైదీలు. కాగితం లేకపోతే దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యం రాశాడు. మన నేలను వీణతో పోల్చిన ఆ పద్యం తెలియని తెలంగాణ బిడ్డ ఉండడు. ఆ గోడ మన పాత జిల్లా గోడే.

ఇక మన కామారెడ్డి, ఎల్లారెడ్డి దగ్గరికే వద్దాం. ఇక్కడ ఎవరున్నారని అడిగేవాళ్ళు మనలోనే ఉన్నారు.

బిక్కనూరు బస్సు ఎక్కినప్పుడు ఎప్పుడన్నా అనుకున్నామా, ఇది కామినేని మల్లారెడ్డి ఊరని? 16వ శతాబ్దంలో ‘షట్చక్రవర్తి చరిత్ర’, ‘శివధర్మోత్తరం’ రాసిన కవి. అప్పుడు ఆ ఊరి పేరు బిక్కనవోలు. దోమకొండ సంస్థానం మూలం అక్కడిదే.

మంజీర మీద నిజాంసాగర్ ఉంది. 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1877 జులై 11న హైదరాబాదులో పుట్టాడు. ఆ తేదీనే ఇవాళ తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం. గోదావరి జిల్లాల్లో ఆనకట్ట కట్టిన కాటన్ దొరను మన పిల్లలు చిన్నప్పటి నుంచి చదివారు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాల ఆయకట్టుకు నీళ్ళు ఇచ్చిన మన ఇంజనీరు పేరు ఉద్యమం వచ్చేదాకా మనకు తెలియదు. ఆ నీళ్ళ మీదనే చెరుకు పండింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. అంతకు ముందే, 1922 నాటికి, ఎల్లారెడ్డి పొలాలకు పోచారం కట్ట వచ్చింది.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలె. నిజాంసాగర్ కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. పూడిక నిండి 18 టీఎంసీల లోపుకు వచ్చింది. బోధన్ ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది. మన రాష్ట్రం వచ్చాక, 2015లో మూతపడింది. అలీ నవాజ్ జంగ్‌కు దండ వేసి ఆయన చెరువును పూడిపోనిస్తే అది జోహార్లు కాదు, ఎగతాళి.

ఎల్లారెడ్డికి ఇంకొక గొప్ప ఉంది. 1962లో ఇక్కడి నుంచి శాసనసభకు పోయింది టి.ఎన్. సదాలక్ష్మి. దళిత ఇంటి ఆడబిడ్డ. శాసనసభకు డిప్యూటీ స్పీకర్‌గా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేసింది. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన మనిషి గుళ్ళన్నిటికీ మంత్రి అయింది! తర్వాత 1967లోనూ 1972లోనూ ఇదే ఎల్లారెడ్డి ప్రజలు జె. ఈశ్వరీబాయిని గెలిపించారు. ఆమె కూడా దళిత మహిళే, సికింద్రాబాదులో బడి నడిపిన పంతులమ్మ. ఇద్దరూ 1969 ఉద్యమంలో ముందు నిలబడ్డారు. ఒక మారుమూల నియోజకవర్గం వరుసగా ఇట్లాంటి ఇద్దరిని అసెంబ్లీకి పంపింది. ఇది ఆ ఇద్దరి గొప్పే కాదు, ఓటు వేసిన ఎల్లారెడ్డి గొప్ప.

కొత్త కాలానికి వద్దాం. 2014 మే 25న, రాష్ట్రం రావడానికి వారం ముందు, పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల లోకంలో మరొకరు లేరు. పాకాల అనే ఊరి గిరిజన కూలీల బిడ్డ. చదివింది ఎక్కడ? మన తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఎవరెస్టుకు దారి తాడ్వాయి హాస్టల్ నుంచి పడింది! నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది.

మిగతా రంగాల్లోనూ లెక్క తక్కువ లేదు. దేశ ఫుట్‌బాల్ జట్టును 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి నడిపించిన రహీం సాబ్ హైదరాబాదు పంతులు. హనుమాజీపేట సి. నారాయణరెడ్డికి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం వచ్చింది. వంగర పి.వి. నరసింహారావు దేశ ప్రధాని అయ్యాడు. 2024లో భారతరత్న ఇచ్చారు. సిద్దిపేట కాపు రాజయ్య మన పల్లె బతుకును, బోనాలను, బతుకమ్మను బొమ్మలకెత్తాడు. ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదివిన మిత్రులు ఈ సభలో ఉన్నారు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1982లో తొలి వైస్ ఛాన్సలర్ కరీంనగర్ బిడ్డ జి. రాంరెడ్డి. ఢిల్లీలో ఇగ్నోకు కూడా తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. మీ డిగ్రీ కాగితం వెనక ఒక తెలంగాణ మనిషి ఆలోచన ఉంది.

మిత్రులారా, ఈ పేర్లన్నీ ఒక్కసారి కలిపి చూడండి. ప్రతి పేరు వెనక ఒక బడి, ఒక గ్రంథాలయం, ఒక హాస్టల్, ఒక ఉద్యమం ఉంది. రాష్ట్రం వచ్చింది కాబట్టి గొప్పవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పుట్టరు. గురుకులంలో పిల్లలకు మంచి తిండి పెట్టకపోతే, శాఖా గ్రంథాలయానికి తాళం పడితే, ఊరి బడిలో పంతులు లేకపోతే, రేపటి పూర్ణ కొండ దిగువనే ఆగిపోతుంది. దాన్ని అడగడం కూడా ఉద్యమమే. పాత పాలకులను అడిగిన నోరు మన పాలకులను కూడా అడగాలె.

మేము మిమ్మల్ని రెండు పనులు అడుగుతున్నాం. విద్యార్థులారా, సురవరం చేసిన పని మీ ఊళ్ళో చేయండి. ఒక నోటు బుక్కు తీసుకొని మీ ఊరి ఒగ్గు కథకుడిని, చేనేత పనిమంతుడిని, తొలి పంతులమ్మను, చెరువు కట్ట మీద బతికిన నీరటికాడిని రాయండి. నిజాంసాగర్ కట్టిన కూలీల పేర్లు ఎవరూ రాయలేదు. వాళ్ళ మనుమలు ఇంకా ఉన్నారు, అడగండి. ఉద్యోగులారా, మీ పిల్లలు ఎక్కడ చదివినా, మీ ఊరి సర్కారు బడికి, గ్రంథాలయానికి నెలకొకసారి పోండి. ఏమి లేదో చూడండి. కాగితం మీద పెట్టి అడగండి. కాగితం ఎట్లా నడుస్తుందో మీకంటే తెలిసినవాళ్ళు లేరు.

మనల్ని సున్నా అన్నవాళ్ళకు 1934లో 354 పేర్లతో జవాబు చెప్పాం. ఆ సంచికలో ఖాళీ పేజీలు ఇంకా మిగిలి ఉన్నాయనుకుందాం. వాటిని నింపే పని మన ఊళ్ళ నుంచే మొదలుపెడదాం.

జై తెలంగాణ!